బంతి ఇచ్చినవాడి గొంతు

నీలం జీపు మైదానం అంచున ఆగింది, అందులోంచి కూర్మారావు దిగాడు, ఆ దిగడం చూసి పోలరాజు ఒంట్లో రక్తం చల్లబడింది. అక్కడ వదిలాం కథని. పగవాడు ఎదురుపడితే రక్తం మరగాలి గదా, చల్లబడడమేమిటి అనుకునేవాళ్లుంటారు. ఇరవై ఏళ్లు మరిగిన రక్తంలో మరిగే సత్తువ మిగలదు. అది గడ్డకడుతుంది. గడ్డకట్టిన దానికి అంచులుంటాయి.

ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో జంషెడ్‌పూర్ వచ్చినవాళ్లు. అక్కడి బర్మామైన్స్ పేటలో ఒకే గదిలో వండుకుని, ఒకే కంచంలో తిని, ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు. చుట్టరికం లేకపోయినా 'బావా' అని పిలుచుకున్నవాళ్లు. కంపెనీ జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. ఆ చోటు దొరికినవాడికి కార్ఖానాలో పర్మనెంటు ఉద్యోగం. ఆ చోటు పోలరాజుదేనని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో, ఆఖరి మ్యాచిలో, కూర్మారావు ఇచ్చిన ఒక బంతి దగ్గర పోలరాజు కాలు విరిగింది. చోటూ ఉద్యోగమూ కూర్మారావుకి వెళ్లాయి. కూర్మారావు ఇప్పుడు జనరల్ ఫోర్‌మన్. పోలరాజు ఇప్పటికీ కంట్రాక్టరు కింద కూలీ. కుంటుకుంటూ పనికి వెళతాడు, కుంటుకుంటూ వచ్చి సాయంత్రాలు తెలుగు కుర్రాళ్లకు ఆట నేర్పుతాడు.

నెల కిందట మహేశ్ అని పేరు చెప్పుకుని ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. బంతి ఆపిన ప్రతిసారీ ఎడమ భుజం ఒక్కసారి ఎగరేసేవాడు. ఆ ఎగరేయడం పోలరాజుకి ఎక్కడో తెలిసిందే. వాడి అసలు పేరు ఉమామహేశ్వర్ అనీ, కూర్మారావు కన్న కొడుకనీ బయటపడినప్పుడు పోలరాజు వాడిని తరిమేస్తాడనుకున్నాం. తరమలేదు. దగ్గరికి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఈ సాయంత్రంతో తేలుతుంది. దానికి జీపు రావడానికి కాస్త ముందు నుంచీ మొదలుపెట్టాలి.

*

మైదానం అన్నామని గడ్డి ఉంటుందనుకోకండి. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క క్వార్టర్ల వెనక గోడలు, నడుమ ఎర్రమట్టి. పొద్దు వాలేవేళకి గోడల వెనక బొగ్గుల కుంపట్లు రాజుకుంటాయి. ఆ పొగ నేలబారున వచ్చి ఆడేవాళ్ల మోకాళ్ల దగ్గర తిరుగుతుంది. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చేస్తారు. కొందరికి బూట్లుంటాయి, కొందరికి కాన్వాసు జోళ్లు, ఇద్దరు ముగ్గురికి ఉత్త కాళ్లు.

పోలరాజు మొదట పెట్టేది 'ఘేరా'. బయట ఎనిమిదిమంది గుండ్రంగా నిలబడాలి, నడుమ ఇద్దరు. బయటివాళ్లు బంతిని తమలో తాము పంపుకుంటూ ఉండాలి, నడుమవాళ్లు లాక్కోవాలి. పోగొట్టుకున్నవాడు నడుమకి వెళతాడు, లాక్కున్నవాడు బయటకి వస్తాడు. గోల్ లేదు, గెలుపు లేదు. బంతి మన దగ్గర ఉండాలి, అంతే. మిగతా జట్లవాళ్లు పరుగులు తీయిస్తారు, గోల్‌లోకి తన్నిస్తారు. పోలరాజు మాత్రం గంటసేపు ఇదే తిప్పుతాడు.

"ఒరే ముసలయ్యా, పెల్లికొచ్చినట్టు నిలబడిపోయావేటి? బంతి నీ కాడికి రాదు, నివ్వే దాని కాడికెల్లాల!"

ముసలయ్య పేరుకే ముసలయ్య. పద్దెనిమిదేళ్లుంటాయి. నవ్వి రెండడుగులు జరిగాడు.

"తన్నకు. తన్నడానికి అదేటి, నీ అప్పులోడా? పంపు. కాలి లోపలి పక్కతో పంపు. ఆఁ. ఒచ్చే బంతిని దగ్గిర కాలుతో కాదురా, అవతలి కాలుతో అందుకో. అప్పుడు నీ ఛాతీ మైదానం పక్క తిరుగుద్ది. గోడకి మొకం పెట్టి అందుకుంటే గోడే కనపడుద్ది."

"మామా, గోడ మీద ఓ పిల్ల కనపడతంది, పర్వానేదా?" అన్నాడు సూర్యం.

అందరూ గొల్లుమన్నారు. సూర్యం పోలరాజు అక్క నూకాలమ్మ కొడుకు, ఈ జట్టుకి సెంటర్ హాఫ్. అదే కంట్రాక్టరు కింద వ్యాగన్లు ఖాళీ చేస్తాడు. వీపు బల్లలా ఉంటుంది. తండ్రి లేడు. ఆదివారం జరిగే మ్యాచికి కంపెనీ జట్టు ఎంపికవాళ్లు వస్తున్నారు. ఈసారీ చోటు ఒకటే. తన చోటు విరిగిన కాలుతో పోయింది, మేనల్లుడి చోటు పోకూడదు. పోలరాజు బతుకులో ఇప్పుడున్న కోరిక అది. అది ఒక కోరిక. రెండోది ఘేరా రెండో ఆటలో ఉంది.

రెండో ఆటలో ఒకడు నడుమ నిలబడతాడు, మైదానానికి వీపు పెట్టి. ఎదుటినుంచి ఒకడు వాడికి బంతి ఇస్తాడు. వీపు వెనకనుంచి ఇంకొకడు మీదికి వస్తాడు, లేదా రాడు. నడుమవాడికి వెనక కళ్లుండవు గనక, బంతి ఇచ్చినవాడే వాడి కళ్లు. మనిషి మీదికి వస్తుంటే "ఎనక!" అని అరవాలి. ఆ అరుపు వినపడితే నడుమవాడు ఒక్క తాకుతో బంతిని తిరిగి ఇచ్చేసి తప్పుకుంటాడు. వినపడకపోతే వెనక ఖాళీ అని అర్థం. ధైర్యంగా కాలు నేలలో పాతి గిర్రున తిరగొచ్చు.

బర్మామైన్స్ తెలుగువాళ్ల ఆట మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది. ఒకప్పుడు బెంగాలీ జట్లకీ పంజాబీ జట్లకీ ఆ మాట ఏమిటో తెలిసేది కాదు. ఇప్పుడు ఊరంతా నేర్చుకుంది. ఎదుటివాళ్లే "ఎనక, ఎనక" అని ఊరికే అరిచి మనవాళ్లని బెదరగొడుతున్నారు. అందుకని పోలరాజు తన కుర్రాళ్లకి ఇంకో అలవాటు కలిపాడు. బంతి వచ్చేలోపు ఒక్కసారి మెడ తిప్పి భుజం మీదుగా చూసుకోవాలి. అరుపునీ నమ్ము, కంటినీ నమ్ము.

అందరికీ అదే నేర్పాడు, ఒక్కడికి తప్ప.

"ఉమా, రా. నడుమ నిలబడు."

ఉమామహేశ్వర్ వచ్చాడు. కాలేజీ కుర్రాడు, పొడుగ్గా, సన్నగా, తెల్లటి మేజోళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. "జీ సార్."

"తల తిప్పకు. అందరూ తిప్పుతారు, అది భయం. నివ్వు పెద్ద ఆటగాడివి అవుతావురా బాబూ, నీకు భయమేటి? నీ కళ్లు బంతి మీదే ఉండాల. ఎవడరిచినా ఇనకు. బంతి ఇచ్చినోడి గొంతు ఒక్కటే నిజం. ఆడు అరిత్తే ఉంది, అరవకపోతే నేదు. తెలిసిందా?"

"సమఝ్ గయా, సార్."

"సెప్పు మల్లీ. ఎవడి గొంతు?"

"బాల్ దేనేవాలే కీ."

సూర్యం బంతి ఇచ్చాడు, ముసలయ్య వెనకనుంచి ఉరికాడు. గుండ్రంలోవాళ్లు అల్లరికి తలోదిక్కునుంచీ "ఎనక! ఎనక!" అని అరిచారు. ఉమామహేశ్వర్ మెడ కదల్లేదు. సూర్యం నోరు తెరిచి "ఎనక!" అన్నాక మాత్రమే బంతిని మెత్తగా తిరిగి ఇచ్చి పక్కకి జారాడు. మళ్లీ ఇంకోసారి. మళ్లీ ఇంకోసారి. నెల రోజులుగా ఇదే. వాడి మెడ ఇప్పుడు రాటలా నిలబడి ఉంది. ఆ మెడను చూసినప్పుడల్లా పోలరాజుకి నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుండేది.

ఆదివారం సంగతి సూర్యానికి మాత్రమే చెప్పాడు. ఎంపికవాళ్ల ముందు, ఆట మంచి వేడి మీద ఉన్నప్పుడు, ఎదుటి జట్టు లావుపాటి బ్యాక్ ఆటగాడు ఉమామహేశ్వర్ వీపు మీదికి ఉరికి వస్తున్నప్పుడు, సూర్యం బంతి ఇవ్వాలి. కాస్త నెమ్మదిగా ఇవ్వాలి. ఇచ్చి నోరు మూసుకోవాలి. అంతే. ఫౌల్ కాదు, నేరం కాదు. చూసినవాడికి ఆటలో తగిలిన దెబ్బ.

వినగానే సూర్యం ముఖం వాడిపోయింది. "కాలిరిగిపోద్ది మామా," అన్నాడు.

"నాది ఇరగనేదేటి?" అన్నాడు పోలరాజు.

ఆ మాట మీద సూర్యం కాదననూలేదు, ఒప్పుకోనూలేదు.

*

అదిగో, అప్పుడు ఆగింది జీపు.

కూర్మారావు దిగి, ప్యాంటు మడతలు సర్దుకుని, మైదానం గీత దగ్గర నిలబడ్డాడు. పొట్ట పెరిగింది. తల ముందుభాగం నున్నబడింది. బూట్లు అద్దాల్లా ఉన్నాయి. వాటి మీద ఎర్రదుమ్ము పడుతుంటే ఒక కాలు వెనక ఒక కాలు తుడుచుకుంటున్నాడు. సాయంత్రాలు కొడుకు లైబ్రరీకి వెళుతున్నాడనుకున్న మనిషి. ఎవరో చెప్పి ఉంటారు.

వెంటనే పిలవలేదు. చూశాడు. ఎంతైనా ఆడినవాడు, ఆటని చూడడం మర్చిపోలేదు. గుండ్రం చుట్టూ ఒక్కొక్కడినీ చూశాడు. నడుమకి ముసలయ్య వెళ్లాడు, మెడ తిప్పి చూసి అందుకున్నాడు. ఇంకొకడు వెళ్లాడు, వాడూ చూసి అందుకున్నాడు. తరవాత కొడుకు వెళ్లాడు.

కూర్మారావు ముఖం మారడం పోలరాజు కళ్లారా చూశాడు. అరంగుళం అరంగుళంగా తెల్లబడింది. ఇరవై ఏళ్లలో ఆ ముఖాన్ని రకరకాలుగా ఊహించుకున్నాడు గానీ, ఇంత బాగుంటుందని అనుకోలేదు.

"పోలరాజూ." గొంతు ఆఫీసుది. "మా అబ్బాయి ఒక్కడే తల తిప్పడం లేదు. ఎందుకని?"

"వత్తన్నావేటి బావా? ఇన్నాల్లకి బర్మామైన్సు గుర్తొచ్చిందే! రా, రా. బూట్లకి దుమ్మంటుకుద్ది, సూసి నడు."

"అడిగిన దానికి సమాధానం చెప్పు. అందరికీ తల తిప్పమని నేర్పి, వీడికి ఎందుకు నేర్పలేదు?"

ఆట ఆగింది. బంతి ముసలయ్య పాదం కింద నిలబడింది. ఉమామహేశ్వర్ ఒకసారి తండ్రినీ ఒకసారి పోలరాజునీ చూశాడు. ఇద్దరి మధ్యా పాత పగ ఉందని వాడికి ఇప్పుడే తెలిసింది. "నాకు కాలం కలిసొచ్చింది గానీ, అసలు ఆటగాడు పోలరాజని ఒకడుండేవాడు, వాడి కాలినుంచి బంతి ఎవడూ లాగలేకపోయేవాడు" అని తండ్రి ఒకసారి మందు మీద అన్న మాట పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు వాడు. ఆ కాలు ఎలా విరిగిందో తండ్రి చెప్పలేదు.

"నానా నేర్పనిది?" పోలరాజు నవ్వాడు. "నీ కొడుకులాగ నమ్మకమున్న ఆటగాణ్ని నానింతవరకూ సూడనేదు. బంతి ఇచ్చినోడు అరిత్తాడని నమ్ముతాడు. అచ్చం నాలాగే. నానూ తల తిప్పేవోణ్ని కాదు, గుర్తుందా? ఎందుకు తిప్పాలి? బంతి ఇచ్చేది మా బావ గదా."

కూర్మారావు కొడుకు వైపు చెయ్యి చాచాడు. "పద. జీపెక్కు."

"ఎక్కు బాబూ, ఎల్లు," అన్నాడు పోలరాజు. "ఆదివారం మీ నాన్న నీకు వేరే చోటు సూపిత్తాడు. కుర్చీలో కూచున్నోడికి కష్టమేటి? ఎల్లేముందు ఒక్కటడుగు. నా కాలు ఎలా ఇరిగిందో అడుగు."

"ఆటలో దెబ్బ తగిలింది. అందరికీ తగులుతాయి." కూర్మారావు గొంతు పెరిగింది. "నేను అరిచాను. జనం గోలలో నీకు వినపడలేదు. అప్పుడే చెప్పాను నీకు, ఆసుపత్రికి వచ్చి మరీ చెప్పాను!"

"వచ్చావు. బత్తాయిలు తెచ్చావు." పోలరాజు ఒక్కో అడుగూ ముందుకేశాడు. విరిగి వంకరగా అతుక్కున్న కాలు మట్టిలో గీత గీస్తూ వెనక వచ్చింది. "ఒక పక్క బత్తాయి ఒలిసి నా నోట్లో పెట్టేవు. ఇంకో పక్క, ఉద్యోగం నాకొచ్చింది బావా అన్నావు. ఆ తొన ఇంకా నా నోట్లోనే ఉంది. మింగనేదు, ఉమ్మనేదు. జనం గోలంటావేటి? గోల్ గీత కాడున్న మనోడి గొంతు ఇనపడింది నాకు. పట్టాల మీద ఇంజను ఈల ఇనపడింది. నాలుగు బారల దూరంలో నీ గొంతు ఇనపడనేదా? ఆ లావుపాటోడు నా ఎనకాల వత్తన్నాడని నీకు కనపడతంది. నీ మొకం నాకు కనపడతంది. నీ నోరు మూసుంది కూర్మారావూ. మూసుంది గనకే ఎనక ఖాళీ అనుకున్నాను. కాలు పాతి తిరిగేను."

గోడ వెనక ఎవరో చంటిపిల్లని ఊరుకోబెడుతున్నారు.

కూర్మారావు చుట్టూ చూశాడు. తన కింద పనిచేసేవాళ్ల తమ్ముళ్లూ కొడుకులూ ఉన్నారు అందులో. ఫోర్‌మన్ అన్నవాడు ఇంతమంది ముందు నిలబడి మాట పడడం అతనికి అలవాటు తప్పిపోయింది. వేలు ఎత్తి సూర్యం వైపు చూపించాడు.

"వీడేనా నీ మేనల్లుడు? ఆదివారం వీడి చేతేనా చేయించబోతున్నావు? నాకు తెలీదనుకున్నావా నీ బుద్ధి? రేపు పొద్దున్న వీడి గేట్ పాస్ ఉండదు. ఏ కంట్రాక్టరూ వీడిని గేటు లోపలికి తీసుకెళ్లడు. బంతులు తన్నుకుంటూ బతకమను!"

అంతవరకూ నేల చూస్తున్న సూర్యం తలెత్తాడు. "నానేటి సేసేను సార్? నానింకా ఏటీ సెయ్యనేదు!"

"ఇంకా చెయ్యలేదు! విన్నావా ఉమా? ఇంకా!"

నోరు జారిన సూర్యం పెదవి కొరుక్కున్నాడు. ఆ 'ఇంకా' మైదానం మధ్యలో బంతిలాగే పడి ఉంది. ఎవడూ దాన్ని తీయలేకపోయాడు.

ఉమామహేశ్వర్ కాలేజీ కుర్రాడే గానీ మూర్ఖుడు కాదు. నెల రోజుల నుంచీ తన మెడ ఎందుకు తిప్పనివ్వలేదో, ఆదివారం సూర్యం పక్కనే తనకి చోటు ఎందుకు ఇచ్చారో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వాడి ముఖంలో నిలబడ్డాయి. పోలరాజు ఆ ముఖం వైపు చూడలేదు. తండ్రి ముఖం వైపే చూస్తున్నాడు. అతనికి కావలసింది అక్కడుంది.

వాడు మాత్రం పోలరాజుని ఏమీ అడగలేదు. తండ్రి దగ్గరికి నడిచాడు.

"పాపా. ఆప్ చిల్లాయే థే?" అరిచారా మీరు అని, అంతే అడిగాడు.

"నువ్వు జీపెక్కు ముందు..."

"హాఁ యా నా?" అవునో కాదో తేల్చమన్నాడు కొడుకు.

కూర్మారావు నోరు తెరిచాడు. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆఫీసులో ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆడినవాడే. కానీ కొడుకు కళ్లు రెప్ప వెయ్యకుండా ఆ నోటినే చూస్తున్నాయి, ఎప్పుడో ఒకనాడు ఇంకో మనిషి చూసినట్టే. నోరు మూతపడింది.

"ఇదుగో, ఇలాగే," అన్నాడు పోలరాజు మెల్లగా. "సరిగ్గా ఇలాగే మూసేడు."

ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన ఒప్పుకోలు అది. ఇంత జనంలో, కన్నకొడుకు ముందు. ఇక్కడితో సరిపెట్టుకోవచ్చు పోలరాజు. ఇంకొకడైతే సరిపెట్టుకునేవాడు. కానీ ఆకలి తీరుతుందనుకున్న చోట ఇంకా పెరిగింది. మాట పోయింది కూర్మారావుకి, సరే. కాలు పోయింది తనకి. మాటకీ కాలుకీ ఎక్కడ సాపత్యం?

*

అప్పుడు ఉమామహేశ్వర్ చేసిన పని ఎవరూ అనుకోనిది. ఎడమ భుజం ఒకసారి ఎగరేసి, తిన్నగా గుండ్రం నడుమకి వెళ్లి, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"సార్, బంతి ఇవ్వండి," అన్నాడు. నెల రోజుల్లో వాడి నోటినుంచి వచ్చిన మొదటి తెలుగు మాట. పలుకు కాస్త వంకరగా ఉంది. "ఆదివారం దాకా ఎందుకు? సూర్యం భయ్యా నా వెనక నుంచి వస్తాడు. పూరే జోర్ సే, గట్టిగా. మీరు ఇవ్వండి."

"ఒరే, ఏటి మాటలవి!" కూర్మారావు ఆఫీసు తెలుగు ఊడిపోయింది. ఊరి మాట బయటపడింది. "రారా ఇలాగ! ఆడు నిన్ను సంపేత్తాడు! ఆడి మొకం సూడు!" గుండ్రంలోకి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఉమామహేశ్వర్ ఆ చేతిని విడిపించుకున్నాడు, కోపంగా కూడా కాదు, ఈగని తోలినట్టు.

"మీరు ఆయనకి చేసింది నేను చూడలేదు," అన్నాడు తండ్రితో హిందీలో. "ఆయన నాకు ఏం చేస్తాడో చూస్తాను. నెల రోజులు ఒక్క గొంతు వినమని నేర్పాడు. ఆ గొంతు వస్తుందో రాదో నాకు తెలియాలి."

తండ్రి బాకీ తీర్చడానికి నిలబడ్డాడో, గురువును పరీక్షించడానికి నిలబడ్డాడో, వాడికే తెలుసో లేదో. ఆ వయసులో రెండూ ఒకటే.

పోలరాజు చెయ్యి చాచాడు. ముసలయ్య బంతిని అటు దొర్లించాడు, దొర్లించి వెంటనే పొరపాటు చేసినవాడిలా వెనక్కి తగ్గాడు.

"మామా, వొద్దు," అన్నాడు సూర్యం.

"ఎల్లి నిలబడు."

"మామా..."

"రేపు గేటు కాడ నీ పాసు సింపేత్తాడంట. మీ అమ్మ కుండలో ఏటి పెట్టుద్ది? ఎవడి మాట ఇంటావో నివ్వే తేల్సుకో. ఎల్లి నిలబడు. ఉరుకు. సగంలో ఆగేవంటే ఈ మైదానంలోకి మల్లీ రాకు."

సూర్యం కూర్మారావు వైపు చూశాడు. ఆ వేలు ఇంకా తన వైపే చూపిస్తున్నట్టు అనిపించింది వాడికి. తల్లిని తలుచుకున్నాడో, పాసును తలుచుకున్నాడో, కదిలాడు. వెళ్లి ఉమామహేశ్వర్ వీపుకి అవతల, పరుగు అందుకోడానికి తగినంత దూరంలో నిలబడ్డాడు.

చూడండి, ఎలా అమరిందో. కూర్మారావు నిలబడిన చోట పోలరాజు, బంతి కాలి దగ్గర పెట్టుకుని. పోలరాజు నిలబడిన చోట కూర్మారావు కొడుకు, వీపు తిప్పి. ఆ లావుపాటి బ్యాక్ చోట సూర్యం. ఆనాటికీ ఈనాటికీ తేడా ఒక్కటే. ఆనాడు చూసే జనానికి ఏం జరుగుతోందో తెలియదు. ఈనాడు తెలుసు.

పోలరాజు మంచి కాలి మీద బరువు మోపి, వంకర కాలితో బంతిని తాకాడు. ఆ కాలితో ఇరవై ఏళ్లుగా ఎవరికీ బంతి ఇవ్వలేదు. నెమ్మదిగా ఇచ్చాడు. బంతి ఎర్రమట్టిలో బద్ధకంగా దొర్లింది. మంచి ఆటగాడికి సిగ్గనిపించేంత బద్ధకంగా.

సూర్యం ఉరికాడు.

ఉమామహేశ్వర్ కళ్లు బంతి మీదే ఉన్నాయి. చెవులు పోలరాజు మీదే ఉన్నాయి. కాస్త వంగి, చేతులు కొంచెం ఎడంగా పెట్టుకుని, నేర్పిన పాఠం నేర్పినట్టు అప్పజెబుతున్న పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఎనక!"

మైదానం అదిరిపోయింది. కూర్మారావు అరిచాడు. పొట్టలోంచి, పాత రోజుల్లోంచి, ఇరవై ఏళ్ల కింద మింగేసిన అరుపు మొత్తం ఇప్పుడు కక్కేసినట్టు అరిచాడు. "ఎనక! ఎనకరా బాబూ! ఎనక!" జీపు డ్రైవరు కిందికి దూకాడు. క్వార్టర్ల గోడల మీదికి తలలు లేచాయి.

ఉమామహేశ్వర్ మెడ కదల్లేదు.

ఎవడరిచినా వినకూడదు. బంతి ఇచ్చినవాడి గొంతు ఒక్కటే నిజం. తండ్రి అరుపు వాడి చెవిదాకా వచ్చింది, వచ్చి బయటే నిలబడింది. అప్పుడు అరవాల్సినవాడు ఇప్పుడు అరిస్తే అది గోల, అంతే. పోలరాజు ఇంతకంటే గొప్ప పగ కలలో కూడా కనలేదు. కూర్మారావు గొంతు చించుకుంటున్నాడు. కొడుకు వినడంలేదు.

సూర్యం ఇక ఆగలేని చోటికి వచ్చేశాడు. వాడి కళ్లు బంతి మీద లేవు, ఉమామహేశ్వర్ కాళ్ల మీద లేవు. మేనమామ నోటి మీద ఉన్నాయి. గుండ్రంలో అందరి కళ్లూ అక్కడే ఉన్నాయి.

బంతి వచ్చింది. ఎదుటి నుంచి తనకు కావలసిన గొంతు రాలేదు గనక, వెనక ఖాళీ అన్న పాఠాన్నే నమ్మి, ఉమామహేశ్వర్ ఎడమ కాలు నేలలో పాతాడు, తిరగడానికి.

పోలరాజు నోరు ఇంకా మూసే ఉంది. నాలుక మీద బత్తాయి పులుపు తగులుతోంది.